నాటకంలో స్థలం, కథానికలో స్థలం: ‘కన్యాశుల్కం’, ‘దిద్దుబాటు’ – తులనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

నవల, కథానిక, నాటకం మూడింటికీ ‘దేశకాల వాతావరణం’ ఉమ్మడి అంగమని సాహిత్యవిమర్శ పాఠాలు చెబుతాయి. గురజాడ అప్పారావు రచనలైన ‘కన్యాశుల్కం’ రెండవ కూర్పు (1909), ‘దిద్దుబాటు’ కథానిక (1910) ఏడాది తేడాతో వెలువడ్డాయి. ఒకే రచయిత, ఒకే ప్రాంతం, ఒకే సామాజిక ప్రశ్న. అయినా వీటిలో స్థలం చేసే పని ఒకటి కాదు. నాటకంలో స్థలం పాత్రల ప్రవేశ నిష్క్రమణలకు లోబడి ఉంటుంది. కథానికలో ఒక పాత్ర చూపుకు లోబడి ఉంటుంది. రెండు రచనల్లోనూ కనిపించే ‘మంచం కింద దాక్కోవడం’ అనే ఘటనను ఆధారం చేసుకొని ఈ భేదాన్ని వ్యాసం పరిశీలిస్తుంది.

కీలకపదాలు: స్థలం, నేపథ్యం, ప్రవేశం, దృష్టికోణం, కన్యాశుల్కం, దిద్దుబాటు, గురజాడ.

1. ప్రస్తావన

1910లో వెలువడిన తన సాహిత్యాధ్యయన పరిచయ గ్రంథంలో డబ్ల్యు.హెచ్. హడ్సన్ కల్పనాసాహిత్యానికి ఆరు అంగాలు చెప్పాడు. ఇతివృత్తం, పాత్రలు, సంభాషణ, దేశకాలాలు, శైలి, జీవితదృక్పథం. నాటకానికి రంగస్థల నియమాలు వేరుగా ఉంటాయని కూడా ఆయన చర్చించాడు. అయితే తెలుగు విశ్వవిద్యాలయ పరిశోధనలోకి వచ్చేసరికి ఆ చర్చ జారిపోయి, అంగాల పట్టిక మాత్రం నిలిచింది. కథకుడి మీద వచ్చిన సిద్ధాంతగ్రంథమైనా, నాటకకర్త మీద వచ్చినదైనా పాత్రచిత్రణ, సన్నివేశకల్పన, శైలి అధ్యాయాల నడుమ ‘వాతావరణ చిత్రణ’ అనే అధ్యాయం దాదాపు తప్పనిసరి. ఆ అధ్యాయంలో చేసే పని కూడా దాదాపు ఒకటే: రచనలో వచ్చిన ఊళ్లు, ఇళ్లు, ఋతువులు, పండుగలు ఏరి చూపడం.

ఈ పద్ధతిలో ఒక ఇబ్బంది ఉంది. నాటకంలోని ఇల్లు, కథానికలోని ఇల్లు ఒకే రకం వస్తువులుగా లెక్కకు వస్తాయి. మొదటిది పదిమంది ఎదుట తెర లేచినప్పుడు ఉండితీరవలసినది. అక్కడ చెప్పనివి కూడా కళ్లకు కనబడతాయి. రెండవది చెప్పినంత మేరకే ఉంటుంది. చెప్పని గోడకు రంగు లేదు, చెప్పని మూలలో ఏ వస్తువూ లేదు. ఈ చిన్న భేదం కథనం మొత్తాన్ని ఎంత దూరం మళ్లిస్తుందో తెలుసుకోవడానికి గురజాడ రచనలకు మించిన జంట తెలుగులో దొరకడం కష్టం.

‘దిద్దుబాటు’ను నాటకీయమైన కథగా మెచ్చుకోవడం విమర్శలో అలవాటైన మాట. సంభాషణతో మొదలవుతుంది, ఒక్క ఇంట్లో నడుస్తుంది, ఒక్క రాత్రిలో ముగుస్తుంది కనుక ఏకాంకికకు దగ్గరిదని భావించడం సహజమే. ఆ పోలిక పైపైనే నిలుస్తుంది. లోతుకు పోతే ఈ కథ నాటకానికి లొంగదు. లొంగకపోవడానికి కారణం దాని స్థలంలోనే ఉంది.

2. ‘స్థలము’, ‘నేపథ్యం’: రెండు మాటల ప్రయాణం

కన్యాశుల్కంలో అంకాల లోపలి విభాగాలకు గురజాడ పెట్టిన పేరు ‘స్థలము’. నేడు ‘రంగం’ లేదా ‘దృశ్యం’ అంటున్న దానికి ఆయన ఈ మాట వాడాడు. కథ ఎక్కడ జరుగుతోందో చెప్పే మాటే కథ ఎన్నవ ముక్క దగ్గర ఉందో చెప్పే మాట కూడా అయింది. స్థలం మారితే ముక్క మారుతుంది. ఆ రూపంలోని నిర్మాణ సూత్రం ఈ పేరులోనే ఉంది.

ఇది తెలుగు నాటకానికి అప్పటికి కొత్త బరువు. సంస్కృత నాటకంలో స్థలం నటుడి ఒంటిమీద, మాటలో ఉండేది. నాట్యశాస్త్రం చెప్పిన కక్ష్యావిభాగం ప్రకారం రంగపీఠం మీద నాలుగడుగులు పరిక్రమిస్తే చోటు మారినట్లే. శాకుంతలం ప్రథమాంకంలో దుష్యంతుడి రథవేగం అభినయంలోనే ఉంటుంది. వీధినాటకంలోనూ, యక్షగానంలోనూ పాట చెబితే అరణ్యం, పాట చెబితే అంతఃపురం. 1885లో కడప ప్రాంతపు సురభి గ్రామంలో పుట్టిన నాటక సంప్రదాయం, అదే కాలపు ఇతర సమాజాలు రంగులు వేసిన తెరలతో వీధిని, రాజసభను, అడవిని కళ్లకు కట్టించాయి. ఆ తెరలు ఏ నాటకానికైనా సరిపోయేవి. ఫలానా వీధి, ఫలానా సభ అన్న ప్రత్యేకత వాటికి లేదు. పౌరాణిక కథకు ఆ అవసరమూ లేదు.

కన్యాశుల్కం మొదటి స్థలం విజయనగరంలోని బొంకులదిబ్బ. ఇది ఏ నాటకానికైనా సరిపోయే వీధి కాదు. ఊళ్లో కోట ఎదుట ఉన్న, అందరికీ తెలిసిన చోటు. 1892లో జగన్నాథ విలాసినీ సమాజం వారు విజయనగరంలోనే ఈ నాటకాన్ని తొలిసారి ఆడినప్పుడు ఆ చోటు ప్రేక్షకులకు రోజూ నడిచే దారి. గిరీశం అనే బొంకులరాయుడు బొంకులదిబ్బ మీద ప్రత్యక్షం కావడంలోని శ్లేషను విమర్శకులు గుర్తించారు. గుర్తించవలసినది మరొకటి ఉంది. స్థల సూచనలను ప్రేక్షకుడికి ఎవరూ చదివి వినిపించరు. అచ్చు పుస్తకం చదివేవాడికి అందే శ్లేష, చూసేవాడికి అందాలంటే తెర మీదనో, నటుడి మాటలోనో, ఊరివాళ్ల జ్ఞాపకంలోనో ఆ చోటు గుర్తుకు రావాలి. నాటకంలో స్థలానికి ఇలా రెండు ఉనికులు ఉంటాయి: పుటమీద ఒకటి, రంగం మీద ఒకటి. ‘వాతావరణ చిత్రణ’ అధ్యాయాలు మొదటిదాన్నే పట్టించుకుంటాయి.

రెండో మాట ‘నేపథ్యం’. సంస్కృతంలో దీనికి వేషధారణ అని, వేషం కట్టే తెరవెనుక చోటు అని అర్థాలు. ‘నేపథ్యంలో’ అని రంగసూచన ఉంటే, కనబడని వ్యక్తి గొంతు వినబడుతుందని అర్థం. ఆధునిక తెలుగులో ఈ మాట కథావిమర్శకు వలస వచ్చింది. ‘రాయలసీమ కరువు నేపథ్యంలో రాసిన కథ’ అన్నప్పుడు అది కనబడే దృశ్యం. తెరవెనుక చోటుకు పేరైనది కథ ముందు పరచుకున్న ప్రపంచానికి పేరైంది. పదార్థ విపరిణామానికి ఇది చక్కని ఉదాహరణగా తరగతిలో చెప్పుకోవచ్చు. ‘దిద్దుబాటు’ చివరికి వచ్చేసరికి పాత అర్థమే అవసరపడుతుంది.

3. గిరీశం అబద్ధాలకు ఊళ్లు ఉన్నాయి

కన్యాశుల్కంలోని ప్రధాన స్థలాలు నాలుగు: విజయనగరం, కృష్ణరాయపురం అగ్రహారం, రామచంద్రపురం అగ్రహారం, విశాఖపట్నం. వీటిని వర్ణించే వాక్యాలు నాటకంలో చాలా తక్కువ. ఒక ఇల్లు, ఒక గది, ఒక తోట అని సూచన, అంతే. స్థలం వర్ణన వల్ల కాక, అక్కడికి ఎవరు రావచ్చు, ఎవరు రాకూడదు అనే నియమం వల్ల ఏర్పడుతుంది.

అగ్నిహోత్రావధాన్లు ఇంటికి గిరీశం వెంకటేశానికి చదువు చెప్పే గురువుగా వస్తాడు. ఇంగ్లీషు చదువు అనే అర్హత చూపి లోపలికి వస్తాడు. బుచ్చమ్మను తీసుకుని వెళ్లిపోతాడు. లుబ్ధావధాన్లు ఇంటికి కరటకశాస్త్రి శిష్యుడు ఆడపిల్ల వేషంలో పెళ్లికూతురుగా వెళతాడు. ఆ ఇంట్లో అడుగు పెట్టడానికి ఆ అబ్బాయి చెల్లించిన వెల ఆ చీర. చివరి అంకంలో సౌజన్యారావు పంతులు ఇంటికి మధురవాణి పురుషవేషంలో వస్తుంది. వేశ్యల ముఖం చూడకూడదన్న నియమం గల పెద్దమనిషి ఇంట్లోకి ఆమె రావడానికి మరో దారి లేదు. ఒక మగపిల్లవాడు ఆడవేషంలో ఛాందసుడి ఇంట్లోకి, ఒక స్త్రీ మగవేషంలో సంస్కర్త ఇంట్లోకి. ఈ రెండు ప్రవేశాలను ఎదురెదురుగా పెట్టి చూస్తే రెండు ఇళ్లకూ గడప ఒకటే ఎత్తులో ఉన్నట్లు తెలుస్తుంది. ఆనాటి రంగస్థలం మీద స్త్రీపాత్రలు సాధారణంగా పురుషులే ధరించేవారు కనుక, మగవాడు ధరించిన మధురవాణి మగవేషం కట్టడమనే మరో మెలిక కూడా అప్పటి ప్రేక్షకుడికి దొరికి ఉంటుంది.

గిరీశం సంగతి ఇంకా ఆసక్తికరం. అతడి అబద్ధాలు గాలిలో చెప్పినవి కావు, చోటుకు కట్టుబడినవి. విజయనగరంలో పూటకూళ్లమ్మ డబ్బు, మధురవాణి ఇల్లు. కృష్ణరాయపురంలో విద్యావంతుడు, వితంతువుల పక్షపాతి. విశాఖపట్నంలో సౌజన్యారావు పంతులు మెచ్చే సంస్కరణాభిలాషి. ఒక ఊరి గిరీశాన్ని మరో ఊరివాళ్లు చూడనంత వరకు మూడూ చెల్లుతాయి. నాటకం నడక అంతా ఈ చోట్లను విడివిడిగా ఉంచడంలోనూ, చివరికి కలపడంలోనూ ఉంది. మధురవాణి విజయనగరం నుంచి రామచంద్రపురానికి, అక్కడి నుంచి విశాఖపట్నానికి వస్తుంది. మొదటి అంకంలో ఆమె గదిలో ఏ గిరీశం ఉన్నాడో ఆ గిరీశం చివరి అంకంలో సౌజన్యారావు ఇంట్లో ఆమెకు ఎదురుపడతాడు. కొత్త సాక్ష్యం, కొత్త పత్రం ఏదీ అక్కర్లేదు. ఒక చోటి మనిషి మరో చోట నిలబడితే చాలు, కథ తిరిగిపోతుంది. కథ అడ్డం తిరిగిందని చివర్లో గిరీశమే ఒప్పుకుంటాడు.

రంగం మీద ఎన్నడూ కనబడని చోటు మరొకటుంది. బుచ్చమ్మను పంపదలచిన పూనాలోని వితంతు శరణాలయం. ధొండో కేశవ కర్వే 1896లో అక్కడ అలాంటి ఆశ్రమాన్ని నెలకొల్పాడు కనుక ఇది కల్పిత స్థలం కాదు. బుచ్చమ్మకు దొరికిన పరిష్కారం ఈ నాటకం చూపగలిగిన ఏ ‘స్థలము’లోనూ లేదు. నాలుగు ఊళ్లు తిప్పి చూపిన నాటకం ఆమెకు ఆ నాలుగింటిలో చోటు చూపలేకపోయింది. తెలుగు నేల మీద వీరేశలింగం ఉద్యమం జరిగి దశాబ్దాలు గడిచాక కూడా ఈ దారి బయటికే పోవడం ఆలోచించదగినది.

4. అగ్గిపుల్ల చూపిన గది

‘దిద్దుబాటు’ కథావస్తువు కన్యాశుల్కానికి దూరమైనది కాదు. వేశ్యావ్యతిరేకోద్యమం మీద నమ్మకమున్న చదువుకున్న గోపాలరావు పాటకచేరీల మోజులో పడి రాత్రులు ఆలస్యంగా ఇల్లు చేరుతుంటాడు. భార్య కమలినికి సభలకు, లోకహితమైన పనులకు వెళుతున్నానని చెబుతాడు. ఆమె స్నేహితుల వల్ల నిజం తెలుసుకుంటుంది. ఒక రాత్రి గడియారం ఒంటిగంట కొట్టే వేళ అతడు వచ్చేసరికి ఇంట్లో ఆమె లేదు. పుట్టింటికి పోతున్నానన్న ఉత్తరం ఉంది.

గిరీశానికి లాగే గోపాలరావు అబద్ధమూ రెండు చోట్ల మధ్య ఉంది: ఇల్లు, పాటకచేరీ. నాటకంలో మధురవాణి ఇల్లు మొదటి అంకంలోనే రంగం మీదకు వచ్చింది. కథానికలో పాటకచేరీ రానేరాదు. అది గోపాలరావు పశ్చాత్తాపపు తలపులో, కమలిని ఉత్తరంలో మాత్రమే ఉంది. నాటకం రెండు చోట్లను కలపడానికి ఒక మనిషిని ప్రయాణం చేయించవలసి వచ్చింది. కథానికకు ఒక కాగితం సరిపోయింది. కథానిక రూపంలోని పొదుపు అంటే పదాల లెక్క తగ్గించడం కాదు. ఒక స్థలాన్ని చూపకుండానే దాని భారమంతా మరో స్థలం మీద మోపగలగడం.

ఆ ఇల్లు పాఠకుడికి ఎలా అందుతుందో చూస్తే భేదం మరింత స్పష్టమవుతుంది. ముందు మూసినట్లున్న తలుపు. తర్వాత గడియారం చప్పుడు. తర్వాత చీకటి గది. అగ్గిపుల్ల వెలిగిస్తే ఖాళీ మంచం, తర్వాత దీపం, ఆపైన ఉత్తరం. ఇది ఒక ఇంటి వర్ణన కాదు. ఒక మనిషి తడుముకుంటున్న క్రమం. గది ఎంత పెద్దది, కిటికీ ఏ వైపుంది, ఇంకేం సామాను ఉంది అన్నవి పాఠకుడికి తెలియవు. గోపాలరావుకు ఆ క్షణాన అవి పట్టవు. అతడి కంగారు ఏ వస్తువును తాకితే ఆ వస్తువే కథలోకి వస్తుంది. దీని రంగస్థల రూపంలో తెర తీయగానే అన్నీ ఒక్కసారిగా కనబడతాయి. చీకటితో తెర తీసినా దీపం వెలిగించిన మరుక్షణం గది మొత్తం ప్రేక్షకుడి సొంతమవుతుంది. గోపాలరావు చూడనిదాన్ని చూసే స్వేచ్ఛ అతడికి ఉంటుంది. పాఠకుడికి ఆ స్వేచ్ఛ లేదు.

ఇక్కడ ఒక ఆక్షేపణ రావచ్చు. ‘దిద్దుబాటు’ చిన్న కథ, ఒక్క గది కథ. దీన్నిబట్టి ప్రక్రియ మొత్తానికి సూత్రం చెప్పవచ్చునా అని. విశాలమైన స్థలం గల పాలగుమ్మి పద్మరాజు ‘గాలివాన’ను పక్కన పెట్టి చూడవచ్చు. న్యూయార్క్ హెరాల్డ్ ట్రిబ్యూన్ వారి ప్రపంచ కథానికల పోటీలో రెండవ బహుమతి పొందిన ఆ కథలో రైలుపెట్టె, స్టేషను, తుఫాను ఉన్నాయి. అంతా నియమాల ప్రకారం బతికిన రావుగారి లోపలి గోడలు, బయట గోడలు కూలుతున్న క్రమంలోనే కూలుతాయి. అక్కడి తుఫాను ప్రకృతి వర్ణనగా వేరు చేసి ఉదాహరించడానికి పనికివచ్చేది కాదు. రావుగారి భయాన్ని, ముష్టిమనిషి ఒంటి వెచ్చదనాన్ని మినహాయిస్తే ఆ తుఫానులో మిగిలేది చప్పుడు మాత్రమే. నాటకశాలలో వినిపించగలిగేదీ ఆ చప్పుడే. స్థలం చిన్నదైనా పెద్దదైనా కథానికలో అది ఒకరి అనుభవానికి బయట నిలబడదన్న మాట ఇక్కడా చెల్లుతుంది.

5. రెండు మంచాలు

కన్యాశుల్కం మొదటి అంకం రెండవ స్థలం మధురవాణి ఇల్లు. గిరీశం రాకతో రామప్పపంతులు మంచం కింద దూరతాడు. ఆ తరువాత చీపురుకట్టతో పూటకూళ్లమ్మ వచ్చేసరికి గిరీశం కూడా అక్కడికే చేరతాడు. దెబ్బ రామప్పపంతులు మీద పడుతుంది. ఆ సందులో గిరీశం తప్పించుకుంటాడు. తెలుగు ప్రేక్షకులు శతాబ్దానికి పైగా నవ్వుతున్న ఘట్టమిది.

ఆ నవ్వు ఎక్కడి నుంచి వస్తుంది? మంచం కింద ఎవరున్నారో ప్రేక్షకుడికి ముందే తెలుసు. వచ్చినవాళ్లకు తెలియదు. మధురవాణికి తెలుసు. రంగం మీద ఒకే గది ఉన్నా అందులో రెండు అంతస్తులు ఏర్పడ్డాయి: పైన మాటలు, కింద భయం. ప్రేక్షకుడు రెండింటినీ ఒకేసారి చూస్తాడు. ఇది నాటకానికి మాత్రమే ఉన్న వసతి. ఈ ఘట్టాన్ని కథగా రాస్తే పైన జరుగుతున్నది చెబుతున్నంతసేపు కింద ఉన్నవాళ్లు పాఠకుడి ఊహలో మసకబారుతారు. మధ్యమధ్య గుర్తుచేయాలి. రంగం మీద ఎవరూ గుర్తుచేయనక్కర్లేదు. రామప్పపంతులు కాలు బయటికి కనబడితే చాలు.

ఇక రెండో మంచం. ‘దిద్దుబాటు’ చివర, నౌకరు రాముడితో తన తప్పులు చెప్పుకొని, భార్యను తీసుకురమ్మని గోపాలరావు బతిమాలుతున్న వేళ మంచం కింది నుంచి కమలిని నవ్వు, గాజుల చప్పుడు వినిపిస్తాయి. కథ అక్కడితో ఆగుతుంది. ఆమె బయటికి రావడం కథలో లేదు. ఆమె ముఖం కూడా కథలో లేదు. ఉన్నది చప్పుడే. సంస్కృత నాటకకర్తలు ‘నేపథ్యంలో’ అని రాసేది ఇటువంటి గొంతుకే. తెరవెనుక చోటు ఇక్కడ గది నడిబొడ్డునే, దీపం వెలుగుతున్న గదిలో దీపం అందని ఒక్క జానెడు మేర ఉంది.

ఒకే రచయిత ఏడాది తేడాతో ఒకే దాగుడుమూతను రెండుసార్లు వాడాడు. రెండోసారి దాన్ని పూర్తిగా తలకిందులు చేశాడు. నాటకంలో దాక్కున్నవాళ్లు మగవాళ్లు, దాచినది స్త్రీ, తెలిసినవాడు ప్రేక్షకుడు. కథలో దాక్కున్నది స్త్రీ, వెతికేవాడు మగవాడు, తెలిసినవాడు కథకుడు ఒక్కడే. ఆ కథకుడు చెప్పడు. గోపాలరావు భుజం మీదుగానే గదిని చూపుతూ, అతడు వంగి చూడని చోటును తానూ చూపడు. ఇది మోసం అనిపించదు, ఎందుకంటే కథానికలో చెప్పనిది లేనట్లే నడుస్తుంది. రంగం మీద చెప్పనిది లేనట్లు నడవదు.

ఇందులో ఇంకొక విశేషముంది. కథను రెండోసారి చదివినప్పుడు గది మారిపోతుంది. గోపాలరావు ఒంటరిగా బాధపడుతున్న గది అది కాదు. ప్రతివాది మాట్లాడుతుంటే వాది కింద కూర్చుని వింటున్న గది. రాముడి మీద చేయి చేసుకోవడం, వెంటనే నొచ్చుకోవడం, భార్య గుణాలు తలచుకోవడం, ఆమె వస్తే ఇక తప్పు చేయనని చెప్పడం, ఇవన్నీ ఆమె వింటుండగా జరిగాయి. మొదటిసారి పశ్చాత్తాపంగా చదివినది రెండోసారి వాఙ్మూలంగా చదవవలసి వస్తుంది. మొదటి పఠనంలో పాఠకుడు గోపాలరావు పక్కన ఉంటాడు. రెండో పఠనంలో మధురవాణి గదిని చూస్తున్న ప్రేక్షకుడి స్థానానికి చేరుతాడు. మాటలేవీ మారలేదు; స్థలం గురించిన ఒక్క సమాచారం మారింది. ‘దిద్దుబాటు’లో నాటకీయత అంటూ ఉంటే అది ఈ రెండో పఠనంలో ఉంది, సంభాషణల సంఖ్యలో కాదు.

6. రంగానువాదంలో చిక్కు

‘దిద్దుబాటు’ను ప్రదర్శించాలనుకునే దర్శకుడు ముందుగా ఒక ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. కమలిని మంచం కింద దూరడం ప్రేక్షకుడికి చూపాలా, వద్దా?

చూపితే ప్రదర్శన హాయిగా నడుస్తుంది. గోపాలరావు కంగారు పడ్డప్పుడల్లా నవ్వు వస్తుంది. అయితే అప్పుడు ఆడుతున్నది ‘దిద్దుబాటు’ కాదు, కన్యాశుల్కం మొదటి అంకం రెండవ స్థలానికి మరో రూపం. గోపాలరావు భయం ప్రేక్షకుడికి భయంగా అందదు. కొన్ని నిమిషాలపాటు ఆ ఇంట్లో నిజంగానే భార్య లేదన్న ఖాళీ ఉండాలి. అది లేకపోతే దిద్దుకోవడానికి కారణమే లేదు.

చూపకపోతే చిక్కు మంచం దగ్గర మొదలవుతుంది. రంగం మీద మంచం వేస్తే దాని కింద చోటు ముందు వరసల వాళ్లకు కనబడుతుంది. కనబడకుండా దుప్పటి నేలదాకా వేలాడదీస్తే, ఆ దుప్పటే ఏదో ఉందని చెప్పేస్తుంది. ప్రేక్షకుడు రంగం మీద వస్తువును ఊరకే ఉన్నదని నమ్మడు. కథలో మంచం అనే మాట చదివిన పాఠకుడు దాని కింద ఏముందని అడగడు. మాటకు కింద అంటూ ఏదీ ఉండదు.

అంతకన్న సున్నితమైన చిక్కు రాముడిది. యజమానురాలు మంచం కింద ఉందని రాముడికి తెలుసా? కథ విప్పి చెప్పదు. తెలియదనుకుంటే రాముడు అమాయకుడు; దెబ్బ తిన్నందుకు జాలి కలుగుతుంది. తెలుసనుకుంటే అతడి ప్రతి మాటా ఆమె పక్షాన ఆడిన నటన. యజమాని చేత అన్నీ చెప్పించింది ఆ నౌకరే అవుతాడు. రెండు రాముళ్లూ కథలో ఒకేసారి బతుకుతారు. రంగం మీద బతకలేరు. నటుడి చూపు ఎక్కడో ఒకచోట నిలవాలి. ఆ చూపు ఒక్కసారి మంచం వైపు పోయినా, ఎంతసేపటికీ పోకపోయినా నిర్ణయం జరిగిపోయినట్లే. కథకుడు మౌనంగా ఉండగలడు. గదిలో నిలబడ్డ మనిషి శరీరం మౌనంగా ఉండలేదు.

పరిషత్తు పోటీల కోసం ఏటా ఎన్నో కథలు నాటికలవుతున్నాయి. వాటిలో చాలావాటికి మధ్యతరగతి ఇంటి ముందుగది, రెండు కుర్చీలు, వెనుక ఒక తలుపు శాశ్వత స్థలంగా స్థిరపడ్డాయి. ఖర్చు, నిడివి, రంగాలంకరణకు ఇచ్చే వ్యవధి వంటి కారణాలు ఉన్నాయి. వాటిని తేలికగా కొట్టిపారేయలేం. కాని కథలో పొలంగట్టు మీదో, బస్సులోనో, ఆసుపత్రి వరండాలోనో ఒక పాత్ర మనసులో జరిగినదంతా ముందుగదిలోకి తెచ్చి సంభాషణగా మార్చినప్పుడు, ఆ పాత్ర చెప్పుకోలేని విషయాన్ని చెప్పవలసి వస్తుంది. నాటికల్లో ఉపన్యాసాలు పెరిగిపోయాయన్న ఫిర్యాదుకు మూలం సంభాషణ రచనలో కన్నా ఈ స్థలమార్పిడిలో వెతకడం మేలు. ‘కథలోని వాతావరణాన్ని చక్కగా ప్రతిఫలించింది’ అని రాసే సమీక్షలు కథలోని ఇంటికీ నాటికలోని ఇంటికీ పోలిక చూస్తాయి. కథలో ఆ ఇల్లు ఎవరి కంటికి కనబడిందో, నాటికలో ఆ కన్ను స్థానంలో ఏమి పెట్టారో చూసిన సమీక్షలు అరుదు.

గురజాడ స్వయంగా ‘దిద్దుబాటు’ను ఏకాంకికగా రాయలేదు. రంగస్థలం తెలియని రచయిత కాదాయన. నాటకాన్ని సరిచేసి, ఏడు అంకాలకు పెంచి మళ్లీ అచ్చువేసిన మరుసటి ఏడే ఈ కథ వెలువడింది. మంచం కింద మనుషులను దాచడంలోని రంగస్థల లాభాలన్నీ ఎరిగి ఉండీ, రెండోసారి ఆ మంచాన్ని తెరముందుకు తేలేదు. చీకటి గదిలో, ఒక్క అగ్గిపుల్ల వెలుతురు సరిపోనంత దూరంలో దాన్ని ఉంచాడు.